అయస్కాంత క్షేత్రమే లేని శుక్రుడికి అంత గాలి ఎలా నిలిచింది?

వేగుచుక్క:

అందరికీ నమస్కారం. బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాది చదువుతున్నాను, సెమినార్‌కి సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి ఆగకుండా వచ్చే ఆవేశిత కణాల ప్రవాహం, టాపిక్ తీసుకున్నాను. ఏ వీడియో చూసినా ఒకటే మాట. కుజుడి లోపల డైనమో ఆగిపోయింది, అయస్కాంత క్షేత్రం పోయింది, సౌర పవనం వచ్చి గాలినంతా ఊడ్చుకుపోయింది, మనకు క్షేత్రం ఉంది కాబట్టి బతికిపోయాం అని. వినడానికి బాగానే ఉంది కానీ శుక్రుడి దగ్గరకొచ్చేసరికి లెక్క కుదరట్లేదు. శుక్రుడికీ సొంత క్షేత్రం లేదు, పైగా సూర్యుడికి మనకన్నా దగ్గర, సౌర పవనం అక్కడ మన దగ్గరకన్నా దాదాపు రెండింతలు చిక్కగా ఉంటుంది. అయినా నేల మీద గాలి ఒత్తిడి మనకంటే 90 రెట్లు ఎక్కువ! పోవాల్సిన గాలి పోకుండా అక్కడే ఎందుకుంది?

ఇంకోటి, అసలు సొంత క్షేత్రం లేనిచోట సౌర పవనం ఏం చేస్తుంది? సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే ప్రోటాన్లు నేరుగా మేఘాల మీద పడతాయా, మధ్యలో ఏదైనా ఆపుతుందా? లెక్కలు చెప్పినా ఫర్వాలేదు, కానీ ముందు అక్కడ ఏం జరుగుతుందో కళ్లకు కట్టినట్టు ఎవరైనా చెప్తే బాగుంటుంది. మా ఫ్రెండ్ ఇంకో టెన్షన్ కూడా పెట్టాడు, రేపెప్పుడో భూమి క్షేత్రం తిరగబడితే ఆ మధ్యకాలంలో మన గాలి కూడా పోతుందా అని.

రాత్రి_ఆకాశం:

మేఘాల దాకా రావండి. శుక్రుడి మేఘాలు 50 నుంచి 70 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, సౌర పవనానికి అడ్డుపడే పొర అంతకు చాలా పైన ఉంటుంది. సూర్యుడికి ఎదురుగా ఉన్న వైపు ఆ పొర పైఅంచు దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అదే అయనోస్ఫియర్. అతినీలలోహిత కిరణాలు పై గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి కదా, అలా తయారైన ప్లాస్మాలో కరెంటు బాగా పారుతుంది. అసలు కథంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

ఎందుకంటే సౌర పవనమంటే వట్టి ప్రోటాన్ల జల్లు కాదు, సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని కూడా వెంట మోసుకొస్తుంది. శుక్రుడి దగ్గర అది 10 నానోటెస్లాలు అటూ ఇటూ. మన ఊళ్లో దిక్సూచిని తిప్పే క్షేత్రం 40 వేల నానోటెస్లాలుంటుంది, అంటే దాంట్లో నాలుగు వేలో వంతు అన్నమాట, లెక్కలోకే రానంత తక్కువ. కానీ అది కదులుతూ వచ్చి కరెంటు పారే పొరకు ఎదురవుతోంది. అప్పుడేమవుతుంది? ఇంటర్‌లో చదివిన లెంజ్ నియమమే. పొర పైభాగంలో కరెంట్లు పుడతాయి, అవి బయటి క్షేత్రాన్ని లోపలికి రానివ్వవు. వెనక నుంచి కొత్త క్షేత్రం వస్తూనే ఉంటుంది, ముందున్నది లోపలికి పోలేదు, దాంతో గ్రహం ముందు పోగుపడిపోతుంది. ఇలా పోగుపడిన క్షేత్రమే తర్వాత వచ్చే పవనాన్ని పక్కలకు తోసేస్తుంది. అంటే సూర్యుడి క్షేత్రంతోనే సూర్యుడి పవనాన్ని ఆపుతున్నాడు శుక్రుడు, ఇది నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ఎంత పోగుపడాలో మీరే లెక్క వేసుకోవచ్చు. ఘన సెంటీమీటరుకు 12 ప్రోటాన్లు, వేగం సెకనుకు 400 కిలోమీటర్లు అనుకోండి. సాంద్రతను వేగం వర్గంతో గుణిస్తే ఒత్తిడి 3 నానోపాస్కల్స్ పైచిలుకు వస్తుంది. అయస్కాంత ఒత్తిడి అంటే క్షేత్రం వర్గాన్ని రెండు మ్యూ నాట్‌తో భాగించడమే, రెండూ సమానం కావాలంటే క్షేత్రం దాదాపు 90 నానోటెస్లాలు ఉండాలి. 10గా వచ్చింది 90 అయ్యేదాకా పోగుపడుతుందన్నమాట. 1978 నుంచి 1992 దాకా శుక్రుడి చుట్టూ తిరిగిన పయనీర్ వీనస్ కొలిచిన విలువలు కూడా ఈ కోవలోనే ఉన్నాయి, కొన్ని పదుల నుంచి వంద నానోటెస్లాల దాకా.

దీనికి ముందు బో షాక్ ఉంటుంది. వరదలో గోదావరి వంతెన స్తంభానికి ఎదురుగా నీళ్లు ఎత్తుగా లేచి రెండు పక్కలకీ చీలిపోతాయి చూడండి, రూపం అలాంటిదే, తేడా ఏంటంటే ఇక్కడ పవనం తనలో పుట్టే తరంగాలకంటే వేగంగా పోతోంది, కాబట్టి ముందు అడ్డం ఉందన్న కబురు ఎదురెళ్లలేదు, ఒక్కసారిగా షాక్ దగ్గరే వేగం పడిపోయి వేడెక్కిపోతుంది. భూమికి ఈ షాక్ దాదాపు 90 వేల కిలోమీటర్ల ముందే ఉంటుంది. శుక్రుడికైతే నేల నుంచి రెండు మూడు వేల కిలోమీటర్లే. 1962 డిసెంబరు 14న మారినర్ 2 శుక్రుడికి 35 వేల కిలోమీటర్ల దూరం నుంచి వెళ్తే మాగ్నెటోమీటరులో ఏ మార్పూ కనిపించకపోవడానికి కారణం ఇదే, భూమి లాంటి క్షేత్రం ఉండి ఉంటే తప్పకుండా తగిలేది. సౌర పవనం ఆగకుండా వీస్తూనే ఉంటుందని దారి పొడవునా మూడు నెలలు కొలిచి తేల్చిందీ ఈ మారినర్ 2 నే. శుక్రుడి బో షాక్ కనిపించింది 1967 అక్టోబరులో, వెనీరా 4, మారినర్ 5 ఒక రోజు తేడాతో అక్కడికి చేరినప్పుడు.

వేగుచుక్క:

చాలా థాంక్స్ అండీ, ఆ 90 నానోటెస్లాల లెక్క వేసి చూశాను, వచ్చింది. ఒక డౌట్. ఆ క్షేత్రం సౌర పవనం వల్ల వచ్చిందే అయితే, పవనం తగ్గినప్పుడు ఏమవుతుంది? అడ్డుగోడ కూడా పోతుందా?

కృష్ణాతీరం:

పవనం తగ్గితే నొక్కేదీ తగ్గుతుంది కదా, అయనోస్ఫియర్ పైకి ఉబ్బుతుంది. ఇది ఊహ కాదు, చూశారు. 2010 ఆగస్టు 3, 4 తేదీల్లో శుక్రుడి దగ్గర సౌర పవనం సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.1 కణానికి పడిపోయింది, దాదాపు 18 గంటలు అలాగే ఉంది. ఆ టైంలో యూరప్ వాళ్ల వీనస్ ఎక్స్‌ప్రెస్ అక్కడే తిరుగుతోంది. రాత్రి వైపు అయనోస్ఫియర్ తోకచుక్క తోకలా వెనక్కి సాగిపోయి కనిపించింది.

కుజుడి దగ్గర ఇంకా పెద్దది జరిగింది. 2022 డిసెంబరు 26న సౌర పవనం వందో వంతుకు పడిపోయింది, నాసా వ్యోమనౌక మేవెన్ అప్పుడు అక్కడే ఉంది, కుజుడి మాగ్నెటోస్ఫియర్ (గ్రహం చుట్టూ క్షేత్రం పోగుపడిన ప్రాంతం), బో షాక్ వేల కిలోమీటర్లు బయటికి జరిగిపోయాయి. వేగంగా వచ్చిన పవనం ముందున్న నిదానపు పవనాన్ని ఊడ్చుకుంటూ పోతే వెనక ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీ కుజుడి మీదుగా వెళ్లింది.

రాత్రి_ఆకాశం గారు చెప్పని ఇంకో సంగతి. అయనోస్ఫియర్ ఆ క్షేత్రాన్ని ప్రతిసారీ పూర్తిగా ఆపలేదు. సూర్యుడు చురుగ్గా ఉన్న సంవత్సరాల్లో అతినీలలోహిత కాంతి ఎక్కువ, పొర చిక్కగా ఉంటుంది, దాని సొంత వేడి ఒత్తిడే బయటి క్షేత్రాన్ని నిలబెట్టేస్తుంది, లోపల క్షేత్రం దాదాపు ఉండదు. లేదనడం కూడా పూర్తిగా నిజం కాదులెండి, తాడు పేనినట్టు మెలికలు తిరిగిన సన్నని క్షేత్రపు కట్టలు లోపల అక్కడక్కడా తిరుగుతుంటాయి, పయనీర్ వీనస్ వాటిని బోలెడన్ని చూసింది. సూర్యుడు చల్లబడిన సంవత్సరాల్లో, లేదా పవనం గట్టిగా నొక్కినప్పుడు, క్షేత్రం అయనోస్ఫియర్ లోపలికి దిగిపోతుంది. మీ సెమినార్‌లో గ్రహం చుట్టూ ఒకే గీత గీసి ఇదే హద్దు అని వదిలేయకండి, ఆ హద్దు గంటల్లో మారుతుంది.

ఫిజిక్స్_మాస్టారు:

పైవాళ్లిద్దరూ గోడ సంగతి బాగా చెప్పారు. గాలి ఎలా పోతుందో నేను చెప్తాను. గోడ ఉన్నా గాలి పోతుంది, అదెలాగో ఒక్క ఆక్సిజన్ పరమాణువు వెంట వెళ్లి చూస్తే తెలుస్తుంది.

శుక్రుడి వాతావరణం అయనోస్ఫియర్ అంచు దగ్గరే ఆగిపోదు. విద్యుదావేశం లేని పరమాణువులు ఆ అంచు దాటి పైకి, సౌర పవనం పారుతున్న చోటికి కూడా వెళ్తుంటాయి. ఆవేశం లేదు కాబట్టి వాటికి క్షేత్రం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే, రాయి విసిరితే పైకెళ్లి కిందికొచ్చినట్టు గురుత్వానికి లోబడి తిరుగుతుంటాయి. అలాంటి ఒక ఆక్సిజన్ మీద అతినీలలోహిత ఫోటాన్ పడి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టిందనుకోండి. ఆ క్షణం దాకా దాని పక్కనుంచే పోతున్న పవనం దానికి కనబడనే లేదు, ఇప్పుడు ఒక్కసారిగా పట్టుకుంటుంది. పవనం క్షేత్రాన్ని మోసుకుంటూ పోతోంది, కాబట్టి నిలబడి చూసేవాడికి అక్కడ విద్యుత్ క్షేత్రం కూడా ఉంటుంది, అది అయాన్‌ను లాగి పరిగెత్తిస్తుంది, వేగం వచ్చాక అయస్కాంత క్షేత్రం దాన్ని వంచుతుంది. ఆ వంపు ఎంత పెద్దదో చూడండి. 400 కిలోమీటర్ల వేగం, 10 నానోటెస్లాలు, ద్రవ్యరాశి ప్రోటాన్‌కు 16 రెట్లు, లెక్క వేస్తే వ్యాసార్ధం దాదాపు 6,700 కిలోమీటర్లు. శుక్రుడి వ్యాసార్ధమే 6,052! ఒక్క అయాన్ తిరిగే చుట్టు గ్రహం కంటే పెద్దదన్నమాట. అందుకే శుక్రుడికి ఒక పక్క పుట్టిన అయాన్లు వెనక్కి కొట్టుకుపోతాయి, రెండో పక్క పుట్టినవి గ్రహం మీదికే తిరిగొచ్చి వాతావరణానికి గుద్దుకుంటాయి. అలా గుద్దుకున్నప్పుడు క్యారమ్స్‌లో స్ట్రైకర్ కొట్టినట్టు అని రాయబోయాను కానీ సూటిగా చెప్తేనే నయం, ఒక బరువైన వేగవంతమైన అయాన్ కొన్ని తటస్థ పరమాణువులకు తన శక్తి పంచుతుంది, వాటిల్లో కొన్నిటికి పలాయన వేగం, అంటే గ్రహం గురుత్వాన్ని వదిలించుకుని పోయేంత వేగం, వచ్చేస్తుంది.

అయస్కాంత రేఖలు గ్రహం ముందు ఆగి, రెండు చివర్లూ పవనంతో పాటు వెనక్కి సాగిపోతాయి కాబట్టి గ్రహం వెనక పొడవాటి తోక ఏర్పడుతుంది. ఆ తోక గుండా కూడా అయాన్లు బయటికి పోతుంటాయి. 1996లో సోహో వ్యోమనౌకకు శుక్రుడి నుంచి 4.5 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఆ తోకలోని ఆక్సిజన్, కార్బన్ అయాన్లు తగిలాయి. సోహో ఉన్నది సూర్యుడు-భూమి మధ్య ఎల్1 బిందువు దగ్గర, శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆదిత్య ఎల్1 కూడా 2024 జనవరి నుంచి ఆ బిందువు చుట్టూనే తిరుగుతూ సౌర పవనంలోని అయాన్లను కొలుస్తోంది.

ఇక పోయేదేంటి? వీనస్ ఎక్స్‌ప్రెస్ లెక్క ప్రకారం శుక్రుడి నుంచి పోయే అయాన్లలో ఒక ఆక్సిజన్‌కు రెండు హైడ్రోజన్ల చొప్పున ఉన్నాయి. ఆ నిష్పత్తి చూడగానే ఏంటో మీకు తెలిసిపోవాలి, నీళ్లు. శుక్రుడి దగ్గర మిగిలిన కాస్త నీటి ఆవిరిలో డ్యుటీరియం (బరువు హైడ్రోజన్) పాలు భూమి మీదకంటే వంద రెట్లకు పైగా ఎక్కువ. తేలిక హైడ్రోజన్ పోయి బరువుది మిగిలింది. కాబట్టి శుక్రుడు ఏమీ పోగొట్టుకోలేదు అనుకోవద్దు, నీళ్లు పోగొట్టుకున్నాడు, కార్బన్ డయాక్సైడ్ మిగుల్చుకున్నాడు.

నీలి_రేఖ:

మాస్టారూ, అంతా బాగుంది కానీ కుజుడి మాటేంటి? సౌర పవనమే కుజుడి గాలిని తీసుకుపోయిందని మేవెన్ వాళ్లే 2015లో చెప్పారు కదా, సెకనుకు వంద గ్రాములు పోతోందని. మరి వీడియోల్లో చెప్పేది తప్పెలా అవుతుంది?

ఫిజిక్స్_మాస్టారు:

సౌర పవనం గాలిని తీసుకుపోతోంది, అది నిజమే నీలిరేఖ గారూ. క్షేత్రం లేకపోవడం ఒక్కటే కారణం అనడమే నాకు నచ్చనిది. మీరు చెప్పిన వంద గ్రాములతోనే లెక్క వేద్దాం. ఏడాదికి మూడు వేల టన్నులకు కాస్త ఎక్కువ. 400 కోట్ల ఏళ్లకు 12 లక్షల కోట్ల టన్నులు. ఇప్పుడు కుజుడి మీద మిగిలున్న పల్చటి గాలి బరువే 25 లక్షల కోట్ల టన్నులు. అంటే ఇప్పటి రేటున అన్నేళ్లు పోయినా, మిగిలినదాంట్లో దాదాపు సగమంతే పోయినట్టు! నదులు పారేంత చిక్కటి గాలి ఒకప్పుడు ఉండి పోయిందంటే అది ఈ రేటుతో పోలేదు. సూర్యుడి చిన్నతనంలో అతినీలలోహిత కాంతి, ఎక్స్ కిరణాలు, పవనం అన్నీ ఇప్పటికంటే చాలా తీవ్రం, పెద్ద నష్టమంతా అప్పటిదే. ఇప్పుడు కూడా సౌర తుఫాను తగిలితే రేటు ఎలా పెరుగుతుందో 2015 మార్చిలో మేవెన్ చూసింది, పది రెట్లకు పైగా పెరిగిందని అంచనా.

ఇదే లెక్క శుక్రుడికి వేయండి. సెకనుకు ఏకంగా కిలో పోతుందనుకున్నా, గ్రహం పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా పోయేది ఇప్పుడున్న గాలిలో మూడు వేల వంతుల్లో ఒకటి. వేగుచుక్క గారు మొదట అడిగినదానికి సగం జవాబు ఇదే, పోతూనే ఉంది కానీ ఉన్నదాని ముందు అది ఏమూలకూ రాదు.

మిగతా సగం గురుత్వాకర్షణ. కుజుడి పలాయన వేగం సెకనుకు 5 కిలోమీటర్లు, శుక్రుడిది 10.4. అయనోస్ఫియర్‌లో ఆక్సిజన్ అణువు అయాన్‌తో ఎలక్ట్రాన్ కలిస్తే అది రెండు పరమాణువులుగా విడిపోతుంది, ఒక్కోదానికి గరిష్ఠంగా 3.5 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి దక్కుతుంది. కుజుడి నుంచి ఆక్సిజన్ బయటపడాలంటే కావాల్సింది 2 ఎలక్ట్రాన్ వోల్టులు, కాబట్టి సౌర పవనం చెయ్యి వేయకుండానే వెళ్లిపోగలదు. శుక్రుడి నుంచైతే 9 కావాలి, ఈ దారి పూర్తిగా మూసుకుపోయింది. గ్రహం చిన్నదవ్వడమే కుజుడికి పెద్ద దెబ్బ.

అలాగని సౌర పవనం పాత్ర తీసిపారేసేదీ కాదు, దానికి సాక్ష్యం ఆర్గాన్. అది దేంతోనూ కలవదు, రాళ్లలోకి పోదు, ఒకసారి మాయమైందంటే పైనుంచి కొట్టుకుపోయినట్టే. తేలిక, బరువు ఆర్గాన్ ఐసోటోపుల నిష్పత్తి కొలిచి, కుజుడి గాలిలోకి చేరిన ఆర్గాన్‌లో మూడింట రెండొంతులు పోయిందని మేవెన్ బృందం 2017లో తేల్చింది. నేను పైన చెప్పిన ఆ గుద్దుకోవడం వల్లే. 2025లో ఆ ప్రక్రియను నేరుగా గమనించామని కూడా ప్రకటించారు. మన మంగళయాన్‌లోని మెంకా పరికరం కూడా కుజుడి పై అంచులో మామూలు కంటే ఎక్కువ శక్తితో ఉన్న ఆర్గాన్‌ను గుర్తించింది, ఈ సంగతి మన పత్రికల్లో రావాల్సినంత రాలేదు.

కృష్ణాతీరం:

దీనికి ఒక ముక్క కలుపుతాను. సొంత క్షేత్రం ఉంటే పెద్ద కవచం అనుకుంటాం కానీ అది పెద్ద వల కూడా. భూమి క్షేత్రం 60 వేల కిలోమీటర్ల దాకా చాచుకుని సౌర పవనం శక్తిని పట్టి ధ్రువాల దగ్గరికి దింపుతుంది, అక్కడ తెరిచున్న రేఖల వెంట ఆక్సిజన్ అయాన్లు బయటికి పోతూనే ఉంటాయి. భూమి, శుక్రుడు, కుజుడు మూడింటి నుంచీ ఇప్పుడు పోతున్న అయాన్లు కొంచెం అటూఇటూగా ఒకే స్థాయిలో ఉన్నాయి. క్షేత్రం కాపాడదని 2018లో కొందరు యూరప్ శాస్త్రవేత్తలు వ్యాసమే రాశారు. అందరూ ఒప్పుకోలేదు, పోయిన అయాన్లలో ఎన్ని మళ్లీ భూమికే తిరిగొస్తాయి అన్నదాని మీద గట్టి వాదన నడుస్తోంది. నామట్టుకు నేను ఆ వ్యాసం వైపే మొగ్గుతాను. ఇస్రో శుక్రయానానికి 2024 సెప్టెంబరులో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది, 2028లో వెళ్లాలి, శుక్రుడి అయనోస్ఫియర్ కొలతలు మళ్లీ మొదలవుతాయి కాబట్టి నాకు దానిమీద చాలా ఆశ ఉంది.

నీలి_రేఖ:

కుజుడికి క్షేత్రం అసలు లేదనడం కూడా సరికాదు కదా? 1997లో అక్కడికి చేరిన మార్స్ గ్లోబల్ సర్వేయర్ దక్షిణార్ధంలో అయస్కాంతీకరించిన పాత రాళ్లను కనిపెట్టింది. అక్కడక్కడా చిన్న చిన్న గొడుగుల్లా క్షేత్రం ఉంది. మరి చంద్రుడి మీద? అక్కడ అయనోస్ఫియర్ కూడా లేదుగా.

రాత్రి_ఆకాశం:

కుజుడి గురించి మీరన్నది నిజం, అందుకే కుజుడిది శుక్రుడికీ భూమికీ మధ్య రకం, గ్రహం తిరుగుతున్నకొద్దీ ఆ రాళ్ల వైపు ఎటుందో దాన్నిబట్టి హద్దు ఆకారమే మారిపోతుంది.

చంద్రుడి సంగతి పూర్తిగా వేరు. అడ్డుకునే కరెంటు పొర లేదు, పోగుపడే క్షేత్రం లేదు, ముందు బో షాక్ కూడా లేదు. పవనం నేరుగా వచ్చి మట్టిలో దిగిపోతుంది, వెనక వైపు ఖాళీ నీడ మిగులుతుంది. అపోలో 11 వాళ్లు అల్యూమినియం రేకు ఒకటి 77 నిమిషాలు ఎండలో నిలబెట్టి, చుట్టి తెచ్చారు, అందులో దిగిన సౌర పవనపు హీలియం, నియాన్‌ను స్విట్జర్లాండ్‌లో కొలిచారు. భూమి మీద అలా రేకు పెట్టి పట్టడం కుదరని పని. అయితే వచ్చిన ప్రోటాన్లన్నీ మట్టిలో ఇంకిపోతాయని చాన్నాళ్లు అనుకున్నారు, 2008లో వెళ్లిన చంద్రయాన్ 1లోని సారా పరికరం చూస్తే దాదాపు ఐదో వంతు దాకా ఎలక్ట్రాన్‌ను కలుపుకుని మామూలు హైడ్రోజన్ పరమాణువులుగా వెనక్కి ఎగిరిపోతున్నాయి. ఆ పరికరం స్వీడన్ వాళ్లూ మన తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ కేంద్రం వాళ్లూ కలిసి చేసింది.

వేగుచుక్క గారూ, మీ ఫ్రెండ్ డౌట్ మిగిలిపోయింది. దాదాపు 41 వేల ఏళ్ల కిందట భూమి క్షేత్రం కొన్ని వందల ఏళ్లపాటు ఇప్పటి బలంలో సుమారు పదో వంతుకు పడిపోయింది. గాలి ఎక్కడికీ పోలేదు. అసలు పూర్తిగా పోయినా మన అయనోస్ఫియర్ ముందు కూడా శుక్రుడికి ఉన్నట్టే క్షేత్రం పోగుపడుతుంది. అప్పుడు భయపడాల్సింది గాలి గురించి కాదు, ఉపగ్రహాలు, కరెంటు గ్రిడ్ల గురించి, పై వాతావరణంలో రేడియేషన్ పెరగడం గురించి. సెమినార్‌లో ఎవరైనా ఇదే అడిగితే 41 వేల ఏళ్ల సంగతి చెప్పి ఆపేయండి, మిగతాది చెప్పాలంటే ఇంకో సెమినార్ కావాలి.

వేగుచుక్క:

అందరికీ పేరుపేరునా థాంక్స్. మాస్టారూ, కుజుడి దగ్గర క్షేత్రం 3 నానోటెస్లాలు పెట్టి ఆక్సిజన్ చుట్టు లెక్క వేశాను, 22 వేల కిలోమీటర్లు వచ్చింది, కుజుడి వ్యాసార్ధానికి ఆరు రెట్లకు పైనే. ఇది సరేనా?

ఫిజిక్స్_మాస్టారు:

సరిగ్గా వచ్చింది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అది షాక్‌కు బయట ఉన్న పవనానికి. షాక్ దాటాక క్షేత్రం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, చుట్టు చిన్నదవుతుంది. స్లైడ్‌లో రెండు సంఖ్యలూ పక్కపక్కనే చూపించండి.